పనసపండును రంగు చూసి కొనకండి

ప్రశ్న: బండి మీద పెద్ద పనసపండు కొన్నాం. రెండు రోజుల్లో ముగ్గుతుందన్నాడు. వారం దాటినా రాయిలాగే ఉంది, పైగా ఒక పక్క నల్లబడింది. అసలు ఎలా చూసి కొనాలి? (ఓ పాఠకురాలు, విశాఖపట్నం)

జవాబు: మీకు అంటగట్టింది ముదరని కాయండీ. పనస కోశాక కూడా ముగ్గుతుంది, నిజమే, కానీ చెట్టు మీద ముదిరితేనే. అలాంటిదైతే ఇంట్లో ఓ మూల పెట్టినా మూడు రోజుల నుంచి వారంలోపు పండిపోతుంది. లేతది మాత్రం గోనెసంచిలో చుట్టినా, గడ్డిలో పెట్టినా వాడి కుళ్లుతుందే తప్ప తీపి రాదు.

అందరూ రంగు చూసి కొంటారు, అక్కడే దెబ్బతింటారు. కొన్ని చెట్ల కాయలు పండినా ఆకుపచ్చ వదలవు. ముళ్లు చూడండి. లేతకాయకు ముళ్లు ఒత్తుగా, మొనదేలి, చేతికి గుచ్చుకుంటాయి. ముదిరేకొద్దీ కాయ ఉబ్బి ముళ్ల మధ్య ఎడం పెరుగుతుంది, మొనలు మొద్దుబారతాయి, అరచేత్తో ఒక్కసారి నిమిరితే ఆ తేడా తెలిసిపోతుంది. తర్వాత వేళ్లతో తట్టండి. పచ్చిది టంగుమని గట్టిగా పలుకుతుంది, ముగ్గింది డొల్లగా, మందంగా మోగుతుంది. తొడిమ దగ్గర చిక్కటి తెల్లటి పాలు ధారగా కారుతుంటే ఇంకా టైముందని అర్థం, ముదిరిన కాయలో ఆ పాలు పల్చబడతాయి. తొడిమ చుట్టూ మెత్తబడి నల్లగా ఉన్నా, చిన్న కన్నాలుండి వాటి నుంచి పొడి రాలుతున్నా బేరం కూడా ఆడకండి, అది కుళ్లు లేదా పురుగు.

వాసన ఆఖర్న చూడాలి, అదీ ముక్కు దగ్గర పెట్టుకుని. బండి మీద పది పళ్లుంటే దూరం నుంచి వచ్చే ఘుమఘుమ దేనిదో ఎవరికి తెలుసు? ఇంకో మాట, ఖర్జూరపు పనస, అంటే గట్టి తొనల రకం, పండినా తొక్క అంతగా మెత్తబడదు, కత్తి పడాల్సిందే. చేత్తో చీలిపోయేది గుజ్జు తొనల రకం. కాబట్టి నొక్కి చూసి మెత్తగా లేదని మంచి ఖర్జూరపు పనసను వదిలేసుకోకండి.

మీది విశాఖే కాబట్టి వేసవిలో ఉద్దానం వైపు, అంటే కవిటి, కంచిలి, సోంపేట వైపు వెళ్లే పని పడితే అక్కడే కొనుక్కోండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు అక్కడ కొబ్బరి, జీడిమామిడితో పాటు పనస చెట్లూ కూలాయి, అయినా ఇప్పటికీ పనస పేరెత్తితే ముందు ఆ ఊళ్లే గుర్తొస్తాయి.

ప్రశ్న: మాది చిన్న ఫ్లాట్. సగం పండు మిగిలింది, ఫ్రిజ్ తెరిస్తే ఇల్లంతా వాసన. ఎన్నాళ్లు ఉంచొచ్చు? పాడైందని ఎలా తెలుస్తుంది? (ఓ పాఠకుడు, హైదరాబాద్)

జవాబు: సగం పండును తొక్కతో ఫ్రిజ్‌లో తోయకండి. చేతులకూ కత్తికీ నూనె రాసుకుని ఇవాళే తొనలు ఒలిచేయండి. పీచు తీసేసి, పిక్కలు వేరు చేసి, తడిలేని గట్టి మూత డబ్బాలో పెడితే నాలుగైదు రోజులు బాగుంటాయి, వాసన టెన్షన్ కూడా తగ్గుతుంది. అంతకన్నా ఎక్కువ రోజులంటే ఫ్రీజర్. ముగ్గని కాయను మాత్రం అసలు ఫ్రిజ్‌లో పెట్టొద్దు, ఆ చల్లదనానికి లోపల గోధుమరంగు తిరిగి, బయటికి తీశాక సరిగ్గా పండదు.

పాడైన తొన జారుడుగా, నీళ్లు ఊరి, కల్లు వాసన కొడుతుంది. తీపి ఎక్కువ కదా, పులవడం త్వరగా మొదలవుతుంది. 2025లో కేరళ ఆర్టీసీ పందళం డిపోలో డ్రైవర్లు పనసతొనలు తిని పరీక్షకు నిలబడితే మిషన్ తాగినట్టు చూపించింది, మందు చుక్క ముట్టకుండానే! కాస్త పులుపు తగిలినవి పారేయడానికి మనసొప్పదు, నాకు తెలుసు, కానీ పిల్లలకు పెట్టకండి.

ప్రశ్న: పనసపొట్టు ప్యాకెట్ కొంటే గోధుమరంగులో ఉంది. వాడొచ్చా? (ఓ పాఠకురాలు, రాజమహేంద్రవరం)

జవాబు: గోదావరి జిల్లాల వాళ్లు నన్నడగడమేంటండీ! కొట్టిన పొట్టు గాలి తగిలితే రంగు మారుతుంది, అంతమాత్రాన కుళ్లినట్టు కాదు. ప్యాకెట్ విప్పి వాసన చూడండి. పుల్లగా ఉన్నా, వేళ్లకు జిగటగా సాగుతున్నా పారేయండి. పొడిపొడిగా, పచ్చివాసనతో ఉంటే నిశ్చింతగా ఆవ పెట్టుకోండి. వీలైతే మీ కళ్లముందు కొట్టించుకోండి, గింజలోంచి కత్తి సులువుగా దిగితేనే అది పొట్టుకు పనికొచ్చే లేతకాయ. ఆ రోజు వండకపోతే పసుపు వేసి ఉడికించి, నీళ్లు పిండి ఫ్రీజర్‌లో పెట్టండి.

ప్రశ్న: ఇక్కడ డబ్బాల్లో దొరికే పనస మన పొట్టుకూరకు పనికొస్తుందా? (ఓ పాఠకురాలు, డాలస్)

జవాబు: లేతకాయ ముక్కలు ఉప్పునీళ్లలో ఉన్న డబ్బా చూసి తీసుకోండి, చక్కెర పాకంలో ఉన్నది పండు, కూరకు పనికిరాదు. బాగా కడిగి, గట్టిగా పిండి, చేత్తో చిదిమి వండండి. ఉప్పు ఆఖర్న, రుచి చూసి మాత్రమే వేయండి.