డ్రమ్ కోర్‌లో వాయించినవారు పాత సహచరులను దశాబ్దాల తర్వాత కూడా ఎందుకు మరువలేరు?

అమెరికాలో డ్రమ్ కోర్ (స్పెల్లింగు చూసి ‘కార్ప్స్’ అని చదవకూడదు) అంటే ఇత్తడి వాయిద్యాలు, డ్రమ్ములు, జెండాలు తిప్పే కలర్ గార్డు కలిసి ఫుట్‌బాల్ మైదానంలో నడుస్తూ పోటీపడే బృందం.

ఆ అనుబంధానికి అసలు కారణం, నా దృష్టిలో, పతకాలు కావు, అక్కడి దినచర్య. పది పన్నెండు నిమిషాల ఒకే ప్రదర్శనను వేసవి అంతా ఎండలో గంటల తరబడి సాధన చేసి, రాత్రి బస్సులో మరో ఊరు చేరి, ఏదో ఒక బడి జిమ్ నేలమీద పక్కపక్కనే పడుకునేవారి మధ్య మొహమాటాలు మిగలవు. స్నేర్ డ్రమ్ముల (అడుగున తీగలుండి గరగరలాడే చిన్న డ్రమ్ములు) వరుసలోనైతే కర్ర ఎంత ఎత్తు లేవాలో అంగుళాల్లో సరిచూసుకుంటారు. అందరి దెబ్బా ఒక్కరి దెబ్బలా వినబడేదాకా అదే ముక్కను మళ్లీ మళ్లీ వాయిస్తారు. అలా పక్కవాడి మణికట్టు కదలిక కూడా కంఠస్థమైపోతుంది.

దీనికి వయోపరిమితి తోడవుతుంది. ఈ పోటీలు నిర్వహించే డ్రమ్ కోర్స్ ఇంటర్నేషనల్ సంస్థ యువ విభాగాల్లో 21-22 ఏళ్లు దాటినవారికి చోటు లేదు కనుక, ఎంత నిపుణుడైనా సీజన్ ముగిసే ఒక ఆగస్టు రాత్రి యూనిఫాం విప్పేయక తప్పదు. ఆ సంస్థ 1972లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని వైట్‌వాటర్‌లో జరిపిన తొలి ఛాంపియన్‌షిప్‌ను గెలిచిన అనహైమ్ కింగ్స్‌మెన్ బృందం తర్వాత మూతపడినా, దాని పూర్వ సభ్యులు 2007లో కాలిఫోర్నియాలోని పసడీనా రోజ్‌బౌల్ స్టేడియంలో మళ్లీ కలిసి వాయించారు.