గద్ది కుక్క ఏ జాతి? దాని మెడకు ఇనుప ముళ్ల పట్టీ ఎందుకు?

హిమాచల్ ప్రదేశ్‌లో చంబా, కాంగ్రా ప్రాంతాల గద్ది కాపరులు గొర్రెలు, మేకల మందల కాపలాకు పెంచుకునే కుక్క ఇది. ఎండాకాలం మంద ధౌలాధార్ కనుమలు దాటి లాహౌల్ వైపు ఎత్తైన పచ్చికలకు ఎక్కుతుంది, చలికాలానికి కింది కొండల్లోకి దిగుతుంది. కుక్కలూ వెంటే నడుస్తాయి.

ఇక ఆ పట్టీ సంగతి. అది అలంకారం కాదు. చిరుత వేటాడేటప్పుడు ముందు గొంతే పట్టుకుంటుంది. మెడ చుట్టూ వెడల్పాటి ఇనుప రేకు, దాని మీద బయటికి పొడుచుకొచ్చిన ముళ్లు ఉంటే ఆ పట్టు దొరకదు. కుక్కకు తిరగబడే వ్యవధి చిక్కుతుంది, ఈలోగా మిగతా కుక్కలు, కాపరి వచ్చేస్తారు. మెడ మీద సింహం జూలులా ఒత్తుగా ఉండే బొచ్చు కూడా కొంత కాపాడుతుంది. నిజానికి ఇలాంటి కుక్క రోజూ పోట్లాడదు. రాత్రంతా మంద చుట్టూ తిరుగుతూ మొరిగితే చాలు, చాలాసార్లు మృగం దగ్గరికే రాదు.

ఈ కుక్కలు ఇప్పుడు అరుదైపోయాయి. దానికి పెద్ద కారణం మందలతో తిరిగే కుటుంబాలు తగ్గడమే. పైగా ఊరకుక్కలతో కలిసి జాతి పలచబడింది. కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల బ్యూరో 2025లో దీన్ని దేశీయ జాతిగా నమోదు చేసింది. రాజపాళయం, చిప్పిపారై, ముధోల్ హౌండ్ అంతకుముందే ఆ జాబితాకెక్కాయి.

ముచ్చటపడి ఫ్లాట్‌లో పెంచుకుందామనుకుంటే మాత్రం వద్దంటాను. మైదానాల వేడికి ఆ బొచ్చే శిక్ష, కాపలాకు మంద లేకపోతే వచ్చేపోయే ప్రతివాడూ దానికి శత్రువే.