పాఠకుల ప్రశ్నలు: సముద్రం లేని ఊరికి ఇసుక ఆట

సీషెల్స్ ద్వీపాలలో 2025 మే నెలలో జరిగిన పురుషుల బీచ్ సాకర్ (ఇసుక మీద ఆడే ఫుట్‌బాల్) ప్రపంచ కప్ గురించి గత సంచికలో ఒక చిన్న వార్త వేశాము. దానిపై హనుమకొండ మొదలుకొని మంథని వరకు పాఠకులు అడిగిన ప్రశ్నలలో కొన్నింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: ఇది నిజంగా ఫిఫా నడిపే పోటీయేనా, లేక ఒడ్డున సరదాగా ఆడుకునే ఆటకు తగిలించిన పెద్ద పేరా? (డిగ్రీ విద్యార్థి, హనుమకొండ)

జవాబు: ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య అయిన ఫిఫా నడిపే పోటీయే. అయితే మీ అనుమానంలో కొంత న్యాయం లేకపోలేదు, ఎందుకంటే బ్రెజిల్ సముద్ర తీరాలలో ఎన్నో ఏళ్లుగా ఎవరికి తోచినట్లు వారు ఆడుకుంటూ వచ్చిన ఈ ఆటకు 1992లో గాని ఒక నియమావళి ఏర్పడలేదు. మరుసటి ఏడాది అమెరికాలోని మయామీలో తొలి పోటీ జరిగింది. 1995లో రియో డి జనీరోలోని కోపకబానా తీరంలో ప్రపంచ స్థాయి పోటీలు మొదలయ్యాయి. ఫిఫా వీటి బాధ్యతను 2005లో స్వీకరించి అదే కోపకబానాలో 12 జట్లతో తన మొదటి ప్రపంచ కప్ జరిపినప్పుడు, సొంత ఇసుక మీద బ్రెజిల్‌దే కప్పు అని అందరూ అనుకుంటుండగా, ఒకప్పటి మాంచెస్టర్ యునైటెడ్ ఆటగాడు ఎరిక్ కాంటోనా శిక్షణలో వచ్చిన ఫ్రాన్స్ ఫైనల్లో పోర్చుగల్‌ను పెనాల్టీలలో ఓడించి కప్పు ఎగరేసుకుపోయింది. మరుసటి ఏడాది నుండి జట్ల సంఖ్య 16 అయింది. 2009 వరకు ఏటా జరిగిన పోటీని ఆ తర్వాత రెండేళ్లకొకసారి జరిగేలా మార్చారు.

ప్రశ్న: ఇప్పటివరకు ఎవరు ఎక్కువసార్లు గెలిచారు? (జమ్మికుంట)

జవాబు: ఫిఫా కప్పులు మాత్రమే లెక్కిస్తే బ్రెజిల్ 7 సార్లు గెలిచింది. సీషెల్స్ ఫైనల్లో బెలారస్‌ను 4-3 తేడాతో ఓడించడం అందులో చివరిది. రష్యా ఆటగాళ్లు మూడుసార్లు, పోర్చుగల్ రెండుసార్లు, ఫ్రాన్స్ ఒకసారి గెలిచారు.

ప్రశ్న: మామూలు ఫుట్‌బాల్‌కూ దీనికీ నియమాలలో తేడా ఏమిటి? మా పిల్లలకు చెప్పడానికి వీలుగా వివరించగలరు. (వ్యాయామ ఉపాధ్యాయుడు, పరకాల)

జవాబు: గోల్ కీపర్‌తో కలిపి జట్టుకు ఐదుగురే ఉంటారు. మైదానం పొడవు 35 నుండి 37 మీటర్లు, వెడల్పు 26 నుండి 28 మీటర్లు. ఆట 12 నిమిషాల చొప్పున మూడు భాగాలుగా సాగుతుంది. గోల్ పడినప్పుడు, ఫ్రీ కిక్ ఇచ్చినప్పుడు గడియారాన్ని ఆపుతారు కాబట్టి కాలయాపన చేసి గట్టెక్కుదామంటే కుదరదు. ఆటగాళ్లను ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు; ఇసుకలో పరుగెత్తిన వారికి ఆ సౌకర్యం ఎంత అవసరమో మేడారం జాతరలో గద్దెల దాకా నడిచినవారికి వేరే చెప్పనక్కర లేదు. ఎర్ర కార్డు పడిన జట్టు 2 నిమిషాల పాటు ఒకరు తక్కువగా ఆడాలి.

పిల్లలకు ముఖ్యంగా రెండు విషయాలు చెప్పండి. మొదటిది, ఇందులో డ్రా లేదు. సమయం ముగిసేసరికి స్కోరు సమంగా ఉంటే 3 నిమిషాల అదనపు ఆట, అప్పటికీ తేలకపోతే పెనాల్టీలు. గ్రూపు దశలో మామూలు సమయంలో గెలిచినవారికి 3 పాయింట్లు, అదనపు సమయంలో గెలిస్తే 2, పెనాల్టీలలో గెలిస్తే 1 మాత్రమే ఇస్తారు. రెండవది, ఫ్రీ కిక్ కొట్టేటప్పుడు ఎదుటి జట్టు గోడ కట్టడానికి వీల్లేదు. గోల్ కీపర్ ఒక్కడే దిక్కు. మైదానం చిన్నది కనుక ఎక్కడ తప్పు చేసినా గోల్ ప్రమాదమే, అందుకే స్కోర్లు పెద్దవిగా ఉంటాయి. 2011లో ఇటలీలోని రవెన్నాలో జరిగిన ఫైనల్లో రష్యా బ్రెజిల్‌ను ఓడించిన స్కోరు 12-8.

అసలైన తేడా మాత్రం ఇసుకలోనే ఉంది. నాలుగేళ్ల కింద ఒక ఎండాకాలపు సాయంత్రం మేడారం దగ్గరి జంపన్న వాగు పొడిగా ఉన్నప్పుడు, చెప్పుల జతలను గోల్ గుర్తులుగా పెట్టుకొని ఆడుతున్న కుర్రవాళ్లను చాలాసేపు చూశాను. బంతి గడ్డి మీద దొర్లినట్లు దొర్లదు. ఎవరి మడమ చేసిన గుంటలోనో పడి ఆగిపోతుంది, లేదా గుంట అంచుకు తగిలి ఎవరూ అనుకోని వైపు ఎగురుతుంది. వారిలో బక్కపలుచని కుర్రవాడు ఒకడు కాలి వేళ్లను బంతి కిందికి దూర్చి, పిడికెడు ఇసుకతో సహా దాన్ని పైకి లేపి, మోకాలి ఎత్తుకు రాగానే గాలిలోనే తన్నాడు. వాడికి ఎవరూ నేర్పి ఉండరు. అంతర్జాతీయ జట్లు ఆడేది కూడా ఇదే పద్ధతిలో: నేల మీద పాస్‌ను నమ్మలేము కనుక బంతిని లేపడం, గాలిలోనే అందించడం, వీలైతే వెల్లకిలా ఎగిరి తలపై నుండి తన్నడం. పోర్చుగల్ ఆటగాడు మాజెర్ 2006 ప్రపంచ కప్ ఒక్కదానిలోనే 21 గోల్స్ చేశాడు.

ప్రశ్న: వేసవి ఎండలో చెప్పులు లేకుండా ఇసుకలో ఆడితే పిల్లల కాళ్లు కాలవా? (ఒక తల్లి, భూపాలపల్లి)

జవాబు: కాలుతాయి. బూట్లు వేసుకోవడానికి నియమాలు ఒప్పుకోవు, చీలమండలకు పట్టీలు మాత్రం కట్టుకోవచ్చు. ఎండ తీవ్రంగా ఉండే చోట పోటీల్లో ఇసుకను నీళ్లతో తడుపుతారు. మీ అబ్బాయిని పొద్దున ఏడు లోపు గాని, సాయంత్రం ఐదు దాటాక గాని ఆడమనండి. మన మే నెల మధ్యాహ్నం ఏ ఆటకూ పనికిరాదు.

ప్రశ్న: సముద్రమే లేని వరంగల్‌కు ఈ ఆట ముచ్చట ఎందుకు? (కాశీబుగ్గ)

జవాబు: ఈ ప్రశ్న రావాలనే కోరుకున్నాను. సీషెల్స్‌లో ఫైనల్ దాకా వెళ్లిన బెలారస్‌కు సముద్రం లేదు. 2009లో దుబాయ్‌లో రన్నరప్‌గా నిలిచిన స్విట్జర్లాండ్‌కూ లేదు. 2019 ప్రపంచ కప్‌కు ఆతిథ్యమిచ్చిన పరాగ్వే కూడా నలువైపులా భూమి ఉన్న దేశమే. అక్కడి జాతీయ జట్టుకు స్థానిక గ్వారనీ భాషలో ఉన్న ముద్దుపేరుకు అర్థం 'వట్టికాళ్లవాళ్లు'. 2021 పోటీలు జరిగిన మాస్కో నగరం తీరానికి ఎంత దూరమో పటం చూస్తే తెలుస్తుంది. మన దేశం సంగతే చూడండి. 2023లో సూరత్‌లోని డుమస్ బీచ్‌లో జరిగిన మొదటి జాతీయ పోటీల్లో కేరళ గెలిచిందంటే ఎవరూ ఆశ్చర్యపోరు, కాని ఫైనల్లో దాని ప్రత్యర్థి పంజాబ్. పేరులో బీచ్ ఉన్నంత మాత్రాన ఈ ఆటకు అలలు అక్కరలేదు. మన వైపు ఉసికె అని పిలుచుకునే ఆ ఒక్కటి ఉంటే చాలు.

ప్రశ్న: భారత జట్టు ప్రపంచ కప్‌లో ఆడుతుందా? (మంథని)

జవాబు: ఇంకా ఆడలేదు. ఆసియా జట్లు ముందుగా ఆసియా కప్‌లో నెగ్గుకు రావాలి. 2025 మార్చిలో థాయ్‌లాండ్‌లోని పట్టాయాలో జరిగిన ఆ పోటీలో చాలా ఏళ్ల తర్వాత మన జట్టు ఆడింది, కాని సీషెల్స్‌కు అర్హత పొందినవి ఇరాన్, ఒమన్, జపాన్. అదే ఏడాది మే నెలలో దియులో ఖేలో ఇండియా బీచ్ క్రీడలు మొదటిసారి జరిగినప్పుడు ఈ ఆటకూ చోటు దక్కింది.

ప్రశ్న: మా బడిలో ఇలాంటి మైదానం వేసుకోవచ్చా? గోదావరి ఇసుక మాకు దగ్గరే. (ములుగు జిల్లా)

జవాబు: ఇసుక కనీసం 40 సెంటీమీటర్ల లోతు ఉండాలన్నది నియమం. అతి చిన్న మైదానం 35 మీటర్లకు 26 మీటర్లు అనుకుంటే 364 ఘనపు మీటర్ల ఇసుక కావాలి, అంటే ట్రాక్టరుకు 3 ఘనపు మీటర్ల చొప్పున 120 ట్రాక్టర్లకు పైమాటే. ఇల్లు కట్టుకునేవాడికే ఇసుక గగనమవుతున్న రోజుల్లో బడి ప్రాంగణంలో అంత పోయించండని చెప్పడానికి నాకు నోరు రావడం లేదు. పైగా నది నుండి తెచ్చింది తెచ్చినట్లు పోస్తే సరిపోదు. గులకరాళ్లు, గవ్వలు లేకుండా జల్లెడ పట్టాలి, లేకపోతే మొదటి రోజే అరికాళ్లు చీరుకుపోతాయి.

మీ బడిలో లాంగ్ జంప్ గుంట ఉండే ఉంటుంది. అందులోని ఇసుకను జల్లించి, పారతో తిరగేసి, బంతిలో గాలి కొంత తగ్గించి, ఇద్దరిద్దరు పిల్లలను ఎదురెదురుగా నిలబెట్టి బంతి కింద పడకుండా అందించుకోమనండి. వరుసగా పదిసార్లు అందించుకోగలిగిన జంటలు మీకు దొరికాక మళ్లీ ఉత్తరం రాయండి.