మీ నాయన ఎయిర్ గన్ గురించి

అల్లుడూ,

అటక మీద మీ నాయన ఎయిర్ గన్ దొరికింది, చేవెళ్ల తోటలో పందికొక్కుల పని పడతా అన్నవ్ కదా, జర ఆగు. ముందుగాల బోర్, అంటే గొట్టం లోపలి వెడల్పు, చూడు. .177 అంగుళం, అంటే 4.5 మి.మీ., పవర్ 20 జౌల్స్ దాటకుంటే లైసెన్స్ అక్కర్లే, .22 అయితే మాత్రం కావాలె.

పని చేస్తుందా లేదా అని పెల్లెట్, అంటే దాంట్ల పెట్టే చిన్న గుండు, లేకుండ ఉత్తగ పేల్చకు. ముందట గాలికి అడ్డం ఏం లేకపోతే పిస్టన్ పోయి సిలిండర్‌కి దబ్బున గుద్దుకుంటది, స్ప్రింగు ఖరాబైతది. దెబ్బలో జోరు లేదా? అందరూ స్ప్రింగు పోయిందంటరు, పాత గన్నులల్ల ఎక్కువసార్లు తప్పు పిస్టన్ మూతికి ఉండే తోలు వాషర్‌ది, ఎండి పాత చెప్పు లెక్క బిగుసుకుంటది. బ్యారెల్ వంచితే సిలిండర్ మూతికి చిన్న రంధ్రం కనిపిస్తది, అందుల సిలికాన్ ఆయిల్ రెండే చుక్కలు వేసి, బట్ (భుజానికి ఆనించే వెనక కట్టె) కిందికి పెట్టి రాత్రంతా గోడకి నిలబెట్టు. రెండే! నేనొకసారి తెలివి ఎక్కువై కుట్టుమిషన్ నూనె గుబగుబ పోసిన, కొట్టంగనే పటాకా లెక్క పేలి మూతిల నుంచి పొగ, కాలిన వాసన, మీ అత్త వంటింట్ల నుంచి ఉరికొచ్చింది. గాలి ఒక్కసారి నొక్కుకుంటే వేడెక్కి నూనె అంటుకుంటది, ఆ దెబ్బకి వాషర్ మాడిపోయింది.

పెల్లెట్ పెట్టేటప్పుడు బ్యారెల్‌ని ఒక చేతితో గట్టిగ పట్టుకునే ఉండు, ట్రిగ్గర్ జారిందంటే అది ఎగిరి వేళ్లు నుజ్జు చేస్తది. కాక్ చేసి, అంటే స్ప్రింగు బిగించి, మూలకి పెట్టుడు అసలే వద్దు.

ఇక కొట్టుడు. పది పన్నెండు మీటర్లు దాటొద్దు, తలకే తగలాలె, లేకపోతే కొట్టకు, సగం దెబ్బతో బొరియలకి పోయి చచ్చుడు పాపం. వెనక మట్టికట్ట ఉండాలె, మన దిక్కు ఎటు చూసినా బండలే, బండకి తగిలిన పెల్లెట్ ఎటు తిరిగొస్తదో దేవునికే తెలుసు. నెమళ్లొస్తయ్ అక్కడికి, వాటి దిక్కు గన్ తిప్పినా జైలే, 1972 వన్యప్రాణుల రక్షణ చట్టం ఉత్తదే అనుకోకు. చచ్చిన పందికొక్కును వట్టి చేతులతో ముట్టకు, ర్యాట్ ఫీవర్ వస్తది. పెల్లెట్లు సీసంవి, చేతులు కడుక్కోనిదే తిండి ముట్టకు.

వానాకాలం రెగ్జిన్ కవర్‌ల పెడితే చెమ్మ పట్టి తుప్పే, నూనె గుడ్డతో తుడిచి కవర్ లేకుండనే ఉంచు, పిల్లలకి అందకుండ తాళం వేసి. సిలిండర్ మాత్రం విప్పకు, కాక్ చెయ్యకున్నా లోపల స్ప్రింగు బిగువునే ఉంటది, ఎగిరి మొహానికి తగుల్తది. ఆదివారం పట్టుకొని రా, నా దగ్గర స్ప్రింగును నొక్కి పట్టే బిగింపు చట్రం ఉంది, ఇద్దరం కూసోని తీద్దాం.

మీ మామ