డాష్‌బోర్డు కోర్సుకి 55 వేలు కట్టాలా?

ప్రశ్న: మదనపల్లె టమాటా మార్కెట్లో ఒక మండీలో లెక్కలు రాస్తాను. మా పాప బీఎస్సీ (మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, కంప్యూటర్స్) పూర్తిచేసింది, డేటా అనలిస్ట్ ఉద్యోగం చేస్తానంటోంది. రెండు ఇంటర్వ్యూలు పోయాయి. రెండోదాంట్లో లాప్‌టాప్ ముందు పెట్టి, ఈ ఫైలు చూసి నీకేం కనిపిస్తోందో చెప్పమన్నారట. ఒక బార్ చార్ట్ వేసి అక్కడే ఆగిపోయిందట. ఇప్పుడు బెంగళూరులో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు పవర్ బీఐ, టాబ్లో, పైథాన్ మూడూ మూడు నెలల్లో నేర్పిస్తాం, 55 వేలు అంటున్నారు. కట్టమంటారా?

జవాబు: అన్నా, ఇప్పుడే కట్టొద్దు. పాపకి సాఫ్ట్‌వేర్ రాక ఆ ఇంటర్వ్యూ పోలేదు. బార్ చార్ట్ వేసిందిగా! వేశాక దాన్ని ఏమడగాలో, ఆ తర్వాత ఏ చార్ట్ వెయ్యాలో తెలియక ఆగింది. నా దగ్గరికొచ్చే పిల్లల్లో చాలామందిది ఇదే సమస్య. రంగురంగుల డాష్‌బోర్డు (చార్టులన్నీ ఒకే తెర మీద పేర్చింది) చూపిస్తారు, ఇందులో నీకు తెలిసిన కొత్త విషయం ఒక్కటి చెప్పమ్మా అంటే నేల చూపులు చూస్తారు.

ముందు ఖర్చు సంగతి. డేటాని చార్టులుగా చూపించే పవర్ బీఐ డెస్క్‌టాప్ ఉచితం. ప్రోగ్రాములు రాసే భాషలు పైథాన్, ఆర్ కూడా ఉచితమే. పవర్ బీఐ లాంటిదే అయిన టాబ్లో పబ్లిక్ కూడా ఉచితమే కానీ అందులో పబ్లిష్ చేసింది ఎవరైనా చూడొచ్చు, కాబట్టి మీ మండీ చిట్టా మాత్రం పొరపాటున కూడా అందులో పెట్టనివ్వకండి, షావుకారు ఊరుకోడు. అంటే ఆ 55 వేలు సాఫ్ట్‌వేర్‌కి కాదు, పక్కన కూర్చోబెట్టి డేటా చూడటం నేర్పినందుకు అయ్యుండాలి. వాళ్లు నేర్పేది అదేనా అన్నదే అసలు ప్రశ్న.

ఈ రాత్రికి పాపకి ఒక పని చెప్పండి. 1973లో ఫ్రాన్సిస్ ఆన్స్‌కోంబ్ అనే స్టాటిస్టిక్స్ ప్రొఫెసర్ నాలుగు చిన్న పట్టికలు తయారుచేశాడు, ఒక్కోదాంట్లో 11 జతల అంకెలు. ఏ పట్టిక తీసుకున్నా ఎక్స్ సగటు 9, వై సగటు దాదాపు 7.5, రెండింటి మధ్య కోరిలేషన్ (రెండూ ఎంతగా కలిసి నడుస్తాయో చెప్పే అంకె) 0.816 దగ్గర. అంకెలే చూస్తే నాలుగూ కవల పిల్లలు. చుక్కలు పెట్టి చూస్తే మాత్రం ఒకటి మామూలుగా చెదిరిన వరస, ఒకటి విల్లులా వంగింది, ఒకటి గీత గీసినట్టుండి ఒక్క చుక్క పైకెగిరింది, ఇంకోదాంట్లో పది చుక్కలు నిలువుగా ఒకే చోట ఉంటే ఒక్కటి దూరంగా పోయి కూర్చుంది. నెట్‌లో ఆ అంకెలు దొరుకుతాయి, ఎక్సెల్‌లో తనే టైప్ చేసి తనే గీయాలి. అరగంట పని. సగటు చెప్పేసి లేచి రావడం ఎందుకు చాలదో ఇంతకంటే బాగా ఏ క్లాసులోనూ చెప్పలేరు.

తర్వాత అసలు డేటా. కేంద్ర ప్రభుత్వ అగ్‌మార్క్‌నెట్ వెబ్‌సైట్‌లో మదనపల్లెతో సహా చాలా మార్కెట్ల రోజువారీ లెక్క ఉంటుంది: సరుకు ఎంత వచ్చింది, కనిష్ఠ ధర, గరిష్ఠ ధర, ఎక్కువ సరుకు అమ్ముడైన ధర. ఐదేళ్ల టమాటా లెక్క దింపుకోమనండి. మీ చిట్టా కూడా కలుపుకోవాలనుకుంటే మీది క్రేటు లెక్క, అక్కడిది క్వింటాలు లెక్క, ముందు రెండూ ఒకే కొలతలోకి తేవాలి. ఈ పని చెయ్యకుండా చార్టులు వేసి, మదనపల్లెలో టమాటా ఇంత చవకా అని ఆశ్చర్యపోయే పిల్లలు ఉంటారు.

ఇప్పుడు అదే ఫైలుని రకరకాలుగా చూడాలి. తేదీ వారీగా గీత గీస్తే ఎప్పుడు లేచింది, ఎప్పుడు పడింది తెలుస్తుంది, 2023 జూలై కొండలా కనిపిస్తుంది. ఇది ఎవరైనా చేస్తారు. హిస్టోగ్రామ్ దగ్గర కాసేపు కూర్చోమనండి. ఏ ధర ఎన్ని రోజులు పలికిందో అది చూపిస్తుంది: ఎక్కువ రోజులు ఎడమవైపు తక్కువ ధరల్లోనే గుంపుగా ఉంటాయి, బాగా ధర పలికిన కొద్ది రోజులు కుడివైపు తోకలా సాగుతాయి. ఆ తోకే సగటుని పైకి లాగుతుంది, అందుకే రైతుకి మామూలు రోజున చేతికొచ్చే ధర సగటు కంటే తక్కువగా ఉంటుంది. మీకిది వేరే చెప్పాలా! అయితే ఒక కిటుకు ఉంది. హిస్టోగ్రామ్‌లో కడ్డీ వెడల్పు మార్చి మార్చి చూడాలి. అది జల్లెడ లాంటిది, కన్నాలు మరీ పెద్దవైతే అంతా ఒకటే కుప్ప, మరీ చిన్నవైతే గజిబిజి. సాఫ్ట్‌వేర్ ఇచ్చిన మొదటి వెడల్పుతో సరిపెట్టుకోకూడదు.

నెలల వారీగా పోల్చడానికి బాక్స్ ప్లాట్. జాన్ టూకీ అనే అమెరికన్ గణాంక శాస్త్రవేత్త ప్రచారంలోకి తెచ్చిన బొమ్మ ఇది. 12 నెలలకి 12 పెట్టెలు, పెట్టెలో మధ్యనున్న సగం రోజులు, అడ్డగీత మీడియన్ (ధరలన్నీ వరసగా పేర్చితే సరిగ్గా నడుమ వచ్చేది), అటూ ఇటూ మీసాలు, పెట్టె అంచు నుంచి పెట్టె పొడవుకి ఒకటిన్నర రెట్లు దాటి పోయినవి విడి చుక్కలు. ఎక్సెల్‌లో 2016 వెర్షన్ నుంచీ హిస్టోగ్రామ్, బాక్స్ ప్లాట్ రెండూ నేరుగా ఉన్నాయి. ఆ విడి చుక్కల్లో ఒకటి నిజంగానే ధర పేలిన రోజు కావచ్చు, ఇంకోటి 1,200కి ఎవరో సున్నా ఎక్కువ కొట్టి 12,000 చేసింది కావచ్చు. ఏది ఏదో సాఫ్ట్‌వేర్‌కి తెలియదన్నా, మీకు తెలుసు. పాపని పక్కన కూర్చోబెట్టుకుని ఆ చుక్కలు ఒక్కొక్కటి మీరే చూడండి, బెంగళూరులో ఏ మాస్టారూ ఇది నేర్పలేడు.

ఇక సరుకు రాకకీ ధరకీ స్కాటర్ ప్లాట్, అంటే రోజుకో చుక్క పెట్టే బొమ్మ. సరుకు ఎక్కువ వస్తే ధర పడుతుంది కదా అని పాప అనుకుంటుంది, వేసి చూస్తే అంత శుభ్రంగా కనబడకపోవచ్చు, ఎందుకంటే కోలార్ మార్కెట్లో సరుకు ఎంత దిగింది, బయటి రాష్ట్రాల వ్యాపారులు ఎంతమంది వచ్చారు అన్నవి ఆ ఫైల్లో లేవు. అప్పుడు సంవత్సరానికో రంగు వెయ్యమనండి. ఒకే మబ్బులా ఉన్నది రంగుల వారీగా విడిపోతే, అక్కడ అడగాల్సిన ప్రశ్న దొరికినట్టే.

పవర్ బీఐకి వెళ్లాక దాదాపు అందరూ పడే గోతులు రెండు. ధర కాలమ్‌ని లాగి చార్ట్‌లో వదిలితే అది తనంతట తాను కూడేస్తుంది. నెల రోజుల ధరల మొత్తం! దానికేమైనా అర్థం ఉందా? కూడిక తీసేసి సగటో మీడియనో పెట్టాలి. రెండోది, స్కాటర్ ప్లాట్‌లో ధర, రాక రెండే వేస్తే అన్నీ కూడేసి ఒకే ఒక్క చుక్క చూపిస్తుంది. తేదీ కూడా వేసి, రోజుకో చుక్క వచ్చేలా చెయ్యాలి. ఇంటర్వ్యూలో ఆ ఒంటరి చుక్క చూసి చెమటలు పట్టినవాళ్లు నాకు తెలుసు. ఇవి దాటితే ఆ సాఫ్ట్‌వేర్ నిజంగా హాయి: ఒక నెల కడ్డీ మీద నొక్కితే పక్కనున్న చార్టులన్నీ ఆ నెలకి సర్దుకుంటాయి, సంవత్సరం నుంచి నెలకి, నెల నుంచి రోజుకి దిగొచ్చు. డేటాలో తిరగడం అంటే ఇదే.

పైథాన్ తర్వాత చూసుకోవచ్చు. అందులో చార్టులు గీసే సీబార్న్‌లో పెయిర్‌ప్లాట్ అని ఒక్క లైను రాస్తే అంకెలున్న కాలమ్‌లన్నిటికీ జతజతగా స్కాటర్ ప్లాట్లు వచ్చేస్తాయి, సరదాగానే ఉంటుంది. కానీ ఫ్రెషర్‌కి ఎక్సెల్, ఎస్‌క్యూఎల్ (డేటాబేస్ నుంచి కావాల్సింది అడిగి తీసే భాష), ఏదో ఒక డాష్‌బోర్డు సాఫ్ట్‌వేర్ గట్టిగా వస్తే చాలు. టాబ్లోనా పవర్ బీఐనా అని కొట్టుకోవద్దు, ఒకటి వచ్చినవాళ్లకి రెండోది తొందరగానే పట్టుబడుతుంది. త్రీడీ పై చార్ట్ జోలికి మాత్రం పోవద్దనండి, నాకు దాని మీద పాత పగ ఉంది.

రెండు నెలలు ఇలా చేయించండి. రోజూ రాత్రి భోజనాలయ్యాక ఒక్క చార్ట్ మీకు చూపించి, ఏం కనిపించిందో తెలుగులో రెండు వాక్యాల్లో చెప్పాలి. మీకు అర్థం కాకపోతే అర్థం కాలేదనే చెప్పండి, కూతురు కదా అని తలూపొద్దు. చివరికి మూడు చార్టులు, వాటి కింద తన సొంత మాటలు, ఒకే పేజీ. ఇంటర్వ్యూకి అది తీసుకెళ్లమనండి.

అప్పటికీ కోర్సు కావాలనిపిస్తే డెమో క్లాసు అడగండి, మీరు కూడా వెళ్లండి. టమాటా ఫైలు పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లి, సార్ దీన్ని మా ముందే తెరిచి ఏం కనిపిస్తోందో చెప్పండి అనండి. ఆయన కూడా ధరలన్నీ కూడేసిన ఆ మొత్తమే చూపించాడంటే, మధ్యాహ్నం బస్సుకే తిరిగొచ్చేయొచ్చు.