క్రెష్ ఫీజు ఎవరి జీతంలోంచి తీశారు?

ప్రశ్న: మాకు ఏడాదిన్నర పాప. ఇద్దరం ఉద్యోగులమే. క్రెష్ ఫీజు, రాకపోకల ఖర్చు పోగా నా భార్య జీతంలో పావు వంతు కూడా మిగలడం లేదు. పాప బడిలో చేరేదాకా ఆమె ఉద్యోగం మానేయడం మంచిదేనా? ఇంటి రుణం వాయిదాకు తగ్గే మొత్తాన్ని వ్యక్తిగత రుణంతో సర్దుకుందామని దరఖాస్తు కూడా పెట్టాం. లెక్క జత చేస్తున్నాను.

జవాబు: మీ లెక్కల కాగితం రెండుసార్లు చూశాను. ఎడమ వైపు మీ జీతం, దాని కింద ఇంటి రుణం వాయిదా, ఇంటి ఖర్చులు. కుడి వైపు ఆమె జీతం, దాని కింద క్రెష్ ఫీజు, పాపను ఇంటికి ఆలస్యంగా తీసుకెళ్లిన రోజుల అదనపు రుసుము. పాప ఇద్దరిదీ అయినప్పుడు ఫీజు ఒక్కరి జీతంలోంచే ఎందుకు పోయింది? ఈ పొరపాటు ఎంత మామూలంటే, కొందరు తల్లులే ఇలా లెక్కవేసి నాకు పంపుతారు. రెండు జీతాలూ కలిపి, అందులోంచి ఫీజు తీసి చూడండి. బరువే, కానీ మోయగలిగిన బరువు.

పైగా ఆ ఫీజు పాప బడిలో చేరేదాకానే. ఆమె ఉద్యోగ జీవితం ఇంకా పాతికేళ్లు ఉంది. మానేస్తే జీతంతో పాటు ఇంక్రిమెంట్లు, పదోన్నతి, పింఛను జమ కూడా పోతాయి. పాపకు జ్వరం వస్తే క్రెష్‌లో చేర్చుకోరు. ఆ రోజు సెలవు ఎవరు పెడుతున్నారో మీ కాగితంలో లేదు, నేను ఊహించగలను. క్రెష్‌లకు ప్రభుత్వమే దండిగా ఖర్చుపెట్టే డెన్మార్క్‌లో సైతం, మొదటి బిడ్డ పుట్టాక తల్లుల సంపాదన దీర్ఘకాలంలో సుమారు 20 శాతం వెనకబడిందని 2019లో ప్రచురితమైన అధ్యయనం తేల్చింది. తండ్రుల సంపాదన దాదాపు కదల్లేదు. కెనడాలోని క్యుబెక్ 1997లో రోజుకు 5 డాలర్లకే పిల్లల సంరక్షణ మొదలుపెట్టాక ఉద్యోగాలు చేసే తల్లులు బాగా పెరిగారు. నాణ్యత మీద విమర్శలు వచ్చిన మాట నిజమే, అది వేరే చర్చ.

ఇక ఆ వ్యక్తిగత రుణం. మీ ఉత్తరాన్ని ఎంచుకున్నదే దీనికోసం. ఉన్న ఆదాయాన్ని చేజేతులా తగ్గించుకుని, ఒక అప్పు వాయిదా కట్టడానికి అంతకన్నా ఎక్కువ వడ్డీకి ఇంకో అప్పు తెస్తారా? ఒకే జీతం మీద రెండు అప్పులు. ఆ జీతం ఒక్క నెల ఆగితే ఏం చేస్తారు?

కాగితంలో అత్యవసర నిధి అన్న మాటే లేదు. ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టండి. అందులో ఇంటి రుణం వాయిదాతో పాటు క్రెష్ ఫీజూ ఉండాలి. ఉద్యోగం పోగానే చాలామంది ముందుగా చేసేది బిడ్డను క్రెష్ మాన్పించడం. చోటు వేరొకరికి పోతుంది. తీరా ఇంటర్వ్యూకు పిలిచిన రోజు బిడ్డను చూసుకునేవాళ్లు ఉండరు. ఆ నిధి నిండేవరకు కొత్త పెట్టుబడుల జోలికి వెళ్లకండి.

టర్మ్ జీవిత బీమా పాలసీ మీ పేరిట ఉంది, ఆమె పేరిట లేదు. అదీ తీసుకోండి. పని గంటలు తగ్గించుకునే వీలుందేమో ఇద్దరూ మీ మీ కార్యాలయాల్లో అడగండి.

నిధి మూడు నెలల ఖర్చుకు చేరాక కూడా మానేయాలనే ఆమెకు అనిపిస్తే, ఈసారి ఆమెనే రాయమనండి. వ్యక్తిగత రుణం దరఖాస్తును మాత్రం ఈ వారమే వెనక్కి తీసుకోండి.