గుడ్డ బ్యాగులకు 4202 వేయాలా, 6305 వేయాలా?

మీరు పర్లాకిమిడి నుంచి అడిగింది ఇది: బంగ్లాదేశ్ నుంచి కాటన్ కాన్వాస్ భుజం బ్యాగులు, జనపనార సంచులు కలిపి తెప్పిస్తున్నారు. సప్లయర్ ఇన్‌వాయిస్‌లో మొత్తానికి 6305 వేశాడు (ఇవి సరుకు రకాన్ని బట్టి డ్యూటీ తేల్చే కస్టమ్స్ టారిఫ్ కోడ్‌లు), అదే పెట్టేయొచ్చా అని. పెట్టకండి.

నేను బరంపురంలో ఒక బ్యాగుల హోల్‌సేల్ వ్యాపారికి దిగుమతి కాగితాలు చూస్తాను. మా సరుకు విశాఖ పోర్టులో దిగుతుంది. అక్కడ అధికారులు ముందుగా అడిగేది బ్యాగును ఏ గుడ్డతో కుట్టారని కాదు, దాన్ని దేనికి వాడతారని. 6305 అంటే సరుకు నింపి మూతి కుట్టి పంపే గోనెసంచి, బస్తా. మనిషి భుజానికి తగిలించుకుని నెలల తరబడి వాడుకునే బ్యాగు 4202. గుడ్డ కాబట్టి 63వ అధ్యాయమే (కోడ్‌లో మొదటి రెండంకెలే అధ్యాయం) అని చాలామంది అనుకుంటారు గానీ, ఆ అధ్యాయం ఉన్న 11వ విభాగం, అంటే టారిఫ్‌లో వస్త్రాల విభాగం, తన మొదటి నోట్‌లోనే 4202 వస్తువులను తన పరిధి నుంచి తీసేసింది. అందుకే మీ బ్యాగు 4202లో ఇముడుతుందా అన్నది ముందు చూసుకోవాలి.

మీ కాన్వాస్ బ్యాగుల విషయంలో పెద్ద తికమకేమీ లేదు. హ్యాండ్‌బ్యాగు, షాపింగ్ బ్యాగు తరహా అయితే కాటన్‌కు 4202 22 20. వీపుకు తగిలించుకునే రకమైతే 4202 92 కిందికి వెళ్తుంది. లైనింగ్ ఏదైనా ఫర్వాలేదు, బయటికి కనిపించే పదార్థమే లెక్క.

జనపనారతోనే టెన్షన్. మా దగ్గరికి ఒకసారి ఒకే కంటైనర్‌లో రెండు రకాలూ వచ్చాయి: పిడులు కుట్టి బొమ్మలు ముద్రించిన చేతిసంచులు, ఏ హంగూ లేని గోనెలు. విడివిడిగా రాయమని ముందే చెప్పినా సప్లయర్ ‘జూట్ బ్యాగ్స్’ అని ఒకే లైను రాసి పంపాడు. బేళ్లు విప్పారు, శాంపిళ్లు తీశారు, రెండింటినీ వేరు చేసి చూపించేసరికి డెమరేజ్ (సరుకు పోర్టులో ఆగిపోయినందుకు కట్టే అద్దె) మా నెత్తిన పడింది. చివరికి చేతిసంచులు 4202 22 30కి, గోనెలు 6305 10కి వెళ్లాయి.

ఈ తేడా ఒక్క డ్యూటీ శాతంతో పోయేది కాదు. బంగ్లాదేశ్, నేపాల్ జనపనార గోనెసంచుల మీద 2017 జనవరి నుంచి యాంటీ డంపింగ్ డ్యూటీ (మరీ చవగ్గా వచ్చి పడే సరుకుపై వేసే అదనపు సుంకం) ఉంది, 2022 డిసెంబర్‌లో దాన్ని పొడిగించారు. అంటే మంచి చేతిసంచికి 6305 రాసుకుంటే లేని తలనొప్పిని చేతులారా తెచ్చుకున్నట్టే. అటు నిజమైన గోనెలకు 4202 రాస్తే డ్యూటీ ఎగ్గొట్టారంటారు. పైగా 2025 ఆగస్టులో విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ (డీజీఎఫ్‌టీ) బంగ్లాదేశ్ జనపనార సంచుల్ని సరిహద్దు భూమార్గాల్లో ఆపి, ముంబయి దగ్గరి నావా శేవా పోర్టు ద్వారానే రానిచ్చింది. మీ లాట్‌లో గోనెలుంటే విశాఖకు బుక్ చేసే ముందు ఆ నోటిఫికేషన్ ప్రస్తుత స్థితి చూసుకోండి.

సప్లయర్ కోడ్‌కు మన దగ్గర పెద్ద విలువ లేదు. ఏ దేశంలోనైనా మొదటి ఆరు అంకెలే ఉమ్మడి, మిగతా రెండూ మనవి. 2011 నుంచి సెల్ఫ్ అసెస్‌మెంటే, అంటే డ్యూటీ దిగుమతిదారే లెక్కగట్టుకోవాలి కాబట్టి, బిల్ ఆఫ్ ఎంట్రీలో (కస్టమ్స్‌కు ఇచ్చే దిగుమతి పత్రం) వేసిన కోడ్‌కు మీరే జవాబుదారీ. ‘బ్రోకర్ రాశాడండీ’ అంటే కుదరదు. తక్కువ కట్టారని తేలితే కస్టమ్స్ చట్టం 28వ సెక్షన్ కింద మామూలుగా రెండేళ్ల దాకా, దాచిపెట్టారని తేలితే ఐదేళ్ల దాకా వెనక్కి వెళ్లి వసూలు చేయొచ్చు.

కాబట్టి ఎల్‌సీ (సప్లయర్‌కు డబ్బు చెల్లిస్తామని బ్యాంకు ఇచ్చే హామీ పత్రం) తెరవకముందే సప్లయర్ చేత రకానికో లైను రాయించండి: ఏ పదార్థం, పిడి ఉందా, జిప్పు ఉందా, కొలత ఎంత, వాడకం ఏమిటి. ప్రతి రకానికీ ఒక శాంపిల్ కొరియర్‌లో తెప్పించి బ్రోకర్ చేతికివ్వండి. ఏటా ఇదే సరుకు తెప్పించే ఆలోచన ఉంటే ముంబయిలోనో ఢిల్లీలోనో ఉన్న కస్టమ్స్ అడ్వాన్స్ రూలింగ్ అథారిటీకి, ఏ కోడ్ వర్తిస్తుందో ముందే తేల్చి చెప్పమని అర్జీ పెట్టుకోవచ్చు. ఒక్క లాట్ కోసమైతే ఆ ఖర్చు దండగ.